అనుపానము

మందుతోపాటు సేవింపదగిన పదార్థమును వైద్యులు అనుపానమందురు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో జలుబు చేసినవారికి పసుపు, మిరియాలపొడి కలిపిన వేడిపాలు ఇచ్చుట వాడుక. ఈ కూర్పులో ఒక మర్మము గలదు. పసుపులోని కర్కుమిన్ అను పదార్థము సులభముగా ఒంటికి పట్టదు. ప్రేగులు, కాలేయము దానిని త్వరగా మార్చి వెలుపలికి పంపివేయును. మిరియాలలోని పైపరిన్ ఈ పనిని మందగింపజేయును. 2 గ్రాముల కర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ చేర్చి ఇచ్చినచో, అది రక్తమునకు అందుట సుమారు 20 రెట్లు హెచ్చెనని బెంగుళూరు పరిశోధకులు 1998లో ప్రకటించిరి.

మేలుచేయు ఈ గుణమే ఒక్కొక్కప్పుడు కీడు చేయును. మూర్ఛవ్యాధికి వాడు ఫెనిటాయిన్ వంటి మందులను సైతము పైపరిన్ రక్తములో హెచ్చించును. మోతాదు మించిన మందు విషమగును. అట్లే మధుమేహమునకు మాత్రలు మ్రింగుచు, పైగా కాకరరసమో పొడపత్రి చూర్ణమో సేవించువారికి రక్తములోని చక్కెర మితిమీరి తగ్గవచ్చును. అప్పుడు చెమటలు పట్టి, వణుకు పుట్టి, స్పృహ తప్పు ప్రమాదము గలదు.

కూరలో వేయు నాలుగు మిరియాలకు భయపడ బనిలేదు. చూర్ణముగా, కషాయముగా దినదినము సేవించునప్పుడే జాగ్రత్త వలయును. ఆకుపసరు గదా, అపాయమేమని తలపరాదు. మీ యింటి పెద్దలు వైద్యుని యొద్దకు పోవునపుడు, మాత్రలతోపాటు తాము వాడు కషాయముల పేర్లును చెప్పునట్లు చూడుడు.