ముక్కు వెనక క్యాన్సర్ మళ్లీ వస్తే.. ముఖంపై కోత లేకుండా లేజర్ సర్జరీ! ఎవరికి పనిచేస్తుంది?

రేడియేషన్ పూర్తయింది. క్యాన్సర్ పోయిందన్నారు. రెండేళ్లు గడిచాక మళ్లీ కఫంలో రక్తపు చారలు, ఒక చెవి దిబ్బడ. స్కాన్ చేస్తే పాత చోటే చిన్న గడ్డ. నేజోఫారింక్స్ క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లలో కొందరికి ఎదురయ్యే పరిస్థితి ఇది. ఇప్పుడేం చేయాలి? మళ్లీ రేడియేషనా, ఆపరేషనా?

అసలు ఎక్కడ వస్తుందిది?

ముక్కు రంధ్రాలు ముగిసేచోట, కొండనాలుకకు పైన చిన్న గదిలాంటి ఖాళీ ఉంటుంది. అదే నేజోఫారింక్స్. నోరు తెరిచి చూసినా కనిపించదు. పైన పుర్రె అడుగు భాగం, పక్కనే మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ రక్తనాళం. ఇక్కడ కత్తి పెట్టాలంటే సర్జన్లు వెనకాడేది అందుకే. ఈ క్యాన్సర్ రేడియేషన్‌కు బాగా లొంగుతుంది కాబట్టి మొదటి ట్రీట్‌మెంట్ అదే. ముదిరితే కీమో కూడా కలుపుతారు.

దక్షిణ చైనా, హాంకాంగ్, ఆగ్నేయాసియాలో ఈ కేసులు ఎక్కువ. మన దేశంలో నాగాలాండ్ వంటి ఈశాన్య రాష్ట్రాల్లో కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో అరుదే.

రెండోసారి రేడియేషన్‌తో చిక్కేంటి?

ఒకసారి రేడియేషన్ పడిన కణజాలం మళ్లీ అంత డోసు తట్టుకోలేదు. నోరు సరిగా తెరుచుకోదు, వినికిడి తగ్గుతుంది, మెదడులో కొంత భాగం దెబ్బతినొచ్చు. అన్నిటికంటే భయపెట్టేది.. ముక్కు వెనక పుండు పడి పెద్ద రక్తనాళం చిట్లడం. అలా జరిగితే నిమిషాల్లో ప్రాణాల మీదకు వస్తుంది.

ముఖం కోయాల్సిందేనా?

ఒకప్పుడు దాదాపు అంతే. హాంకాంగ్ సర్జన్ విలియం వీ 1990ల మొదట్లో ఒక పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేశారు. చెంప పక్కన కోసి, పైదవడ ఎముకను తలుపులా పక్కకు తిప్పి గడ్డను తీస్తారు. పని జరుగుతుంది, కానీ మచ్చ మిగులుతుంది. ఇప్పుడు చిన్న గడ్డలైతే ముక్కులోంచే ఎండోస్కోప్ పంపి తీసేస్తున్నారు. లేజర్ వాడేది ఇక్కడే.

లేజర్ అంటే ఏదో కిరణం పడగానే క్యాన్సర్ మాయమైపోతుందనుకుంటారు చాలామంది. కాదు. అది సర్జన్ చేతిలో కత్తి లాంటిదే. కాకపోతే కోస్తూనే చిన్న రక్తనాళాలను మూసేస్తుంది. ఉదాహరణకు కేటీపీ లేజర్ పచ్చటి కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ బాగా పీల్చుకుంటుంది. దాంతో రక్తస్రావం తగ్గి, ఇరుకు చోట సర్జన్‌కు స్పష్టంగా కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్, డయోడ్ లేజర్లూ వాడతారు.

ఓ ఇబ్బంది ఉంది. లేజర్ వేడికి గడ్డ అంచులు కాలిపోతే, క్యాన్సర్ పూర్తిగా వచ్చిందో లేదో ల్యాబ్‌లో తేల్చడం కష్టం. అందుకే చుట్టూ ఉన్న భాగం నుంచి విడిగా ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు. గడ్డ ఎముకలోకి బాగా దిగినా, కెరోటిడ్‌ను చుట్టేసినా ఈ దారి మూసుకుపోయినట్టే.

ఫలితాలు ఎలా ఉన్నాయి?

దక్షిణ చైనాలోని మూడు ఆస్పత్రుల్లో 200 మంది పేషెంట్లపై చేసిన ట్రయల్ 2021లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చింది. ఎండోస్కోపీ సర్జరీ చేయించుకున్నవాళ్లలో మూడేళ్ల తర్వాత 85.8 శాతం మంది బతికున్నారు. మళ్లీ రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 68 శాతం. పెద్ద తేడానే. అయితే ఇది ఎండోస్కోపీ సర్జరీ మొత్తానికి వచ్చిన లెక్క, లేజర్ ఒక్కదానికే కాదు. పైగా తీయడానికి వీలైన గడ్డలున్న వాళ్లనే ఇందులో చేర్చుకున్నారు.

ఆపరేషన్ తర్వాత గాయాన్ని ముక్కు మధ్య గోడ నుంచి తీసిన పొరతో కప్పడం ఉంటుంది. పక్కుకట్టడం, దుర్వాసన, తలనొప్పి కొన్ని వారాలు వేధిస్తాయి. రోజూ ఉప్పునీటితో ముక్కు కడుక్కోవాలి.

గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరకాలంటే ఫాలోఅప్ మానకూడదు. క్యాన్సర్ తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. ముక్కు ఎండోస్కోపీ, ఎమ్మారై, ఎప్‌స్టీన్ బార్ వైరస్ డీఎన్‌ఏ కోసం చేసే రక్తపరీక్ష ఇందుకే. మళ్లీ గడ్డ కనిపించిందని చెబితే డాక్టర్‌ను మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: గడ్డకీ కెరోటిడ్‌కీ మధ్య ఎంత దూరం ఉంది?