సుంకం లేని సీమ: రాయితీలు సరే, పరిశ్రమలేవీ?

సామర్లకోట: కాకినాడ రేవుకు రైలు దారిన పోయే సరుకు ఏదయినా సామర్లకోట జంక్షన్‌లో మెయిన్‌ లైను వదిలి పక్కకు తిరగవలసిందే. బియ్యం, ఎరువులు, బొగ్గు ఏది కదిలినా, ఏది ఆగినా ఇక్కడివారికి తెలుస్తుంది. రేవు దగ్గర సుంకం పెరిగిందా, తగ్గిందా అన్నది ఢిల్లీ పెద్దల లెక్క అనుకొంటారు గాని, దాని మంచీ చెడూ ముందుగా అనుభవించేది మిల్లుల దగ్గర బస్తాలు మోసే కూలీలే.

అటువంటి రేవుకు కూతవేటు దూరంలో సుంకమే లేని సీమ ఒకటి వెలుస్తుందనీ, చదువుకొన్న కుర్రాళ్లకు ఇక ఊరు విడిచి పోయే పని ఉండదనీ ఈ ప్రాంత ప్రజలు వినబట్టి ఇరవై ఏళ్లవుతున్నది. పిఠాపురం దాటి సముద్రం వైపు వెళితే యు.కొత్తపల్లి, తొండంగి మండలాలలో ఆ సీమ కోసం సేకరించిన భూములు కనిపిస్తాయి. వాటికే కాకినాడ ప్రత్యేక ఆర్థిక మండలి అని పేరు. జనం నోట అది ‘సెజ్’. కొన్ని కర్మాగారాలు వచ్చిన మాట నిజం. అయితే చెప్పినవి వేరు, వచ్చినవి వేరు.

ఈ సుంకం లేని సీమల సంగతి ప్రపంచానికి కొత్త కాదు. రేవు పక్కన కొంత నేలకు కంచె కట్టి, ఆ లోపలి భాగం దేశానికి బయట ఉన్నట్టే లెక్క అని ప్రభుత్వం ప్రకటిస్తుంది. విదేశం నుంచి యంత్రం తెచ్చినా, ముడిసరుకు తెచ్చినా కంచె లోపల ఉన్నంతవరకు కస్టమ్స్ సుంకం కట్టనక్కరలేదు. అక్కడ తయారయిన వస్తువును మళ్లీ విదేశానికి పంపితే పన్ను గొడవే లేదు. అదే వస్తువును కంచె దాటించి మన ఊళ్లో అమ్మితే మాత్రం పరదేశపు సరుకు దిగినట్టే సుంకం చెల్లించాలి. ఐర్లండులో షానన్ విమానాశ్రయం పక్కన 1959లో ఇటువంటి మండలి ఏర్పడింది. మన దేశంలో 1965లో గుజరాత్‌లోని కాండ్లా రేవు దగ్గర మొదటిది వచ్చింది. సామర్లకోటలో రైలెక్కి విశాఖ వైపు వెళ్లేవారికి దువ్వాడ స్టేషను తెలియనిది కాదు. అక్కడి మండలికి 1989లో శ్రీకారం చుట్టగా, 1994లో పని మొదలయింది.

యానాం చెప్పే పాఠం

నిజానికి హద్దు దాటితే చట్టం మారడం అన్నది గోదావరి జిల్లాలవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే యానాం ఉన్నది. ఫ్రెంచివారి కాలంలో అక్కడి మంగళవారం సంతకు చుట్టుపక్కల గ్రామాల నుంచి జనం తరలి వెళ్లి సీమ సరుకులు కొనేవారు. దొంగచాటు సరుకు సంగతి సరేసరి. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో బ్రిటిషు ఇండియాలో అమలులోకి రాగా, ఆ చట్టం చెల్లని యానాంకు పెళ్లివారు బళ్లు కట్టుకొని పోయారు. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే! సుంకమొక్కటే కాదు, వద్దన్న పని ఏదయినా హద్దు అవతలికి చేరుతుందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది?

1954లో యానాం భారతదేశంలో కలిసింది. పుదుచ్చేరి కింద ఉన్నందున అక్కడ పన్నుల రేట్లు వేరుగా సాగాయి. ఆ ఆసరాతో పరిశ్రమలూ వచ్చాయి. 2017లో జి.ఎస్.టి. రావడంతో చాలా సరుకులపై ఆ తేడా పోయింది. పెట్రోలు, డీజిలు, మద్యం మాత్రం జి.ఎస్.టి.లో లేవు గనుక ఆ బంకుల వద్ద, ఆ దుకాణాల వద్ద ఇప్పటికీ రద్దీయే. పన్ను తేడా ఉన్నంతకాలమే బేరం. తేడా చెరిగిన రోజున బేరమూ చెరిగిపోతుంది.

కోన తీరంలో జరిగిందేమిటి?

సెజ్ చట్టాన్ని పార్లమెంటు 2005లో ఆమోదించగా 2006 ఫిబ్రవరి నుంచి అమలయింది. ఇందులో పరిశ్రమలకు చూపిన ఆశ చిన్నది కాదు. ఎగుమతి లాభాలపై మొదటి ఐదేళ్లు ఆదాయపు పన్ను పూర్తిగా మాఫీ. తరువాతి ఐదేళ్లు సగం మాఫీ. లాభాన్ని తిరిగి పెట్టుబడిగా పెడితే మరో ఐదేళ్లు అదే సగం. కస్టమ్స్, ఎక్సైజు, సేవా పన్ను మినహాయింపులు వీటికి అదనం.

అదే సమయంలో కాకినాడ దగ్గర ఓ.ఎన్.జి.సి. భాగస్వామ్యంతో భారీ చమురు శుద్ధి కర్మాగారం వస్తుందని ప్రచారం సాగింది. దానికీ, దాని చుట్టూ రాబోయే పరిశ్రమలకూ అని చెప్పి సుమారు పది వేల ఎకరాల భూమి సేకరించ తలపెట్టారు. ఇవి డెల్టా వరి పొలాలు కావు గనుక పెద్ద నష్టం లేదని కొందరు తీసిపారేశారు. కాని జీడి, మామిడి, సరుగుడు తోటలపై బతికే కుటుంబాలకు ఆ నేలే ఆధారం. భూమి ఇవ్వబోమని రైతులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. ఇచ్చినవారిలోనూ ధర చాలలేదన్నవారే ఎక్కువ.

తీరా చూస్తే చమురు శుద్ధి కర్మాగారం రాలేదు. 2011 నాటికి జి.ఎం.ఆర్. సంస్థ సెజ్‌లో 51 శాతం వాటా తీసుకొన్నది. 2020లో ఆ వాటాను అరబిందో రియాల్టీకి అమ్మడానికి ఒప్పందం కుదిరింది. సెజ్‌తో పాటు రేవు పనికి సంబంధించిన ఈ బేరం విలువ రూ. 2,610 కోట్లు. ఈ మధ్యకాలంలో మెత్తటి బొమ్మలు కుట్టి ఎగుమతి చేసే కర్మాగారం వంటివి వచ్చి చుట్టుపక్కల ఆడవాళ్లకు పని చూపించాయి. అది తక్కువ మేలు కాదు. పది వేల ఎకరాలతో పోల్చి చూసినప్పుడే అది చిన్నదిగా కనిపిస్తుంది.

2021 ఫిబ్రవరిలో రాష్ట్ర మంత్రివర్గం 2,180 ఎకరాలను రైతులకు తిరిగి ఇవ్వాలని నిర్ణయించింది. పరిశ్రమ కోసం తీసుకొన్న భూమి మళ్లీ రైతు చేతికి రావడం ఈ ప్రాంతంలో అరుదు. అయితే నిర్ణయం వేరు, రైతు పేరున కాగితం పుట్టడం వేరు. రిజిస్ట్రేషన్ల వ్యవహారం 2025 వరకూ నలుగుతూనే ఉన్నది.

లోపం కోన తీరానిదే అనుకొంటే పొరపాటు. దేశమంతటి సెజ్‌లను పరిశీలించి కాగ్ సంస్థ 2014లో ఇచ్చిన నివేదికలో నోటిఫై చేసిన 45,635 హెక్టార్లకు గాను 28,488 హెక్టార్లలోనే పని మొదలయిందని తేల్చింది. 2006-07 నుంచి 2012-13 దాకా ఇచ్చిన పన్ను రాయితీలు రూ. 83 వేల కోట్లకు పైమాటే అని కూడా లెక్క చెప్పింది. పోనీ ఇచ్చిన మాటయినా నిలిచిందా అంటే అదీ లేదు. 2011 బడ్జెట్‌తో సెజ్ కంపెనీలపై మ్యాట్ అనే కనీస పన్ను పడింది. 2020 తరువాత ఉత్పత్తి మొదలుపెట్టే కొత్త యూనిట్లకు ఆదాయపు పన్ను మాఫీయే లేకుండా పోయింది. దీనికి తోడు 2023 మార్చి లోగా ఉత్పత్తి ప్రారంభించే కొత్త తయారీ కంపెనీలకు దేశంలో ఎక్కడయినా 15 శాతం పన్ను చాలునని 2019లో కేంద్రం ప్రకటించింది. కంచె బయట కూడా పన్ను తగ్గినప్పుడు కంచె లోపలికి పనిగట్టుకొని వచ్చేదెవరు?

పరిశ్రమను రప్పించిన అసలు సుంకం

ఇదిలా ఉండగా ఏ సెజ్ రాయితీతోనూ నిమిత్తం లేకుండా కాకినాడ వాకలపూడి వైపు ఒక పరిశ్రమ బాగా పెరిగింది. అదే వంటనూనెల శుద్ధి. ఓడల మీద వచ్చే ముడి పామాయిలును ఇక్కడ శుభ్రం చేసి రాష్ట్రాల మీదికి పంపుతారు. శుద్ధి చేసిన నూనె దిగుమతిపై ఎక్కువ సుంకం, ముడి నూనెపై తక్కువ సుంకం ఉన్నప్పుడు రేవు పక్కన ఫ్యాక్టరీ పెట్టినవాడికి లాభం. ఆ తేడా ఎంత ఉంటే అంత పని. 2025 మే 30న కేంద్రం ముడి నూనెపై మొత్తం సుంకాన్ని 27.5 శాతం నుంచి 16.5 శాతానికి తగ్గించింది. శుద్ధి చేసిన నూనెపై 35.75 శాతం అలాగే ఉంచింది. తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. శుద్ధి కర్మాగారాలకు ఇది పండుగే.

కాని నాణేనికి రెండో వైపు మెట్ట ప్రాంతంలో ఉన్నది. ఆయిల్‌పామ్ తోటలు వేసిన రైతుకు గెలల ధర ముడి నూనె ధరను బట్టే వస్తుంది. బయటి నూనె చవకగా దిగితే ఇక్కడి గెల విలువ పడిపోతుంది. ఒకే ఉత్తర్వు రేవు దగ్గర ఫ్యాక్టరీకి ఊపిరి పోసి, ఏజెన్సీ వైపు తోటలో రైతును దిగులుకు గురి చేస్తున్నది. సుంకం తగ్గించడమంటే ఎవరికీ నష్టం లేని దానం కాదని గ్రహించాలి.

బియ్యం విషయంలోనూ అంతే. కాకినాడ లంగరు రేవు నుంచి బార్జీల మీద ఓడలకు చేరి బియ్యం ఆఫ్రికా దేశాలకు వెళుతుంటుంది. 2023 జూలైలో తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. 2024 సెప్టెంబరు నెలాఖరులో నిషేధం ఎత్తివేసి, అక్టోబరులో ఉప్పుడు బియ్యంపై సుంకం పూర్తిగా తీసేసే వరకు ఏడాదికి పైగా ఈ ఎగుమతులపై ఆంక్షలు సాగాయి. దేశంలో ధరలు పెరగకుండా చూడడం ప్రభుత్వ బాధ్యతే, కాదనలేము. కాని నెలకొక ఉత్తర్వు మారుతుంటే మిల్లరు గాని, బార్జీ కూలీ గాని దేనిని నమ్ముకొని ఉండాలి?

ఇక సామర్లకోట సొంత అనుభవం కళ్లెదుటే ఉన్నది. 2,400 మెగావాట్ల గ్యాసు విద్యుత్ కేంద్రం ఇక్కడ నిర్మించారు. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు 2009లో గాడిమొగ వద్ద తీరానికి చేరినప్పుడు అందరికీ ఆశ పుట్టింది. ఆ తరువాత గ్యాసు ఉత్పత్తి పడిపోయింది. కేంద్రానికి గ్యాసు అందలేదు. చివరకు కొంత యంత్ర సామగ్రిని బంగ్లాదేశ్‌కు తరలించారు. ఎన్ని రాయితీలు ఇచ్చినా గొట్టంలోకి గ్యాసు రాదు కదా!

విదేశాలలోనూ ఇదే తంతు. బ్రిటన్ 1984లో స్వేచ్ఛా రేవులు తెరిచింది. 2012లో వాటిని గడువు పొడిగించకుండా వదిలేసింది. మళ్లీ 2021లో కొత్తవి ప్రకటించింది. దుబాయిలోని జెబెల్ అలీ 1985 నుంచి పెరుగుతూ వచ్చిందంటే పన్ను లేనందువల్లనే కాదు. పెద్ద ఓడలు నేరుగా ఆగే లోతైన రేవు అక్కడ ముందే సిద్ధంగా ఉన్నది. మన గోదావరి జిల్లాల నుంచి పని వెతుక్కొంటూ గల్ఫ్ వెళ్లినవారికి ఆ సంగతి బాగా తెలుసు.

తొండంగి మండలంలో పెన్సిలిన్-జి కర్మాగారం వచ్చింది. సెజ్ భూముల ప్రాంతంలోనే వచ్చినా, దానిని రప్పించింది సెజ్ మినహాయింపు కాదు. చైనా మీద ఆధారపడకుండా మందుల ముడిసరుకు ఇక్కడే తయారు చేసేవారికి అమ్మకాలను బట్టి ప్రోత్సాహక సొమ్ము ఇస్తామని కేంద్రం 2020లో పెట్టిన పథకం అది. చేసి, అమ్మి చూపిస్తేనే డబ్బు. భూమి తీసుకొని ఊరకే కూర్చొంటే పైసా రాదు. దేశంలో సుమారు మూడు దశాబ్దాల తరువాత పెన్సిలిన్-జి తయారీ మళ్లీ మొదలయింది ఇక్కడేనని 2024 అక్టోబరులో ప్రారంభోత్సవం నాడు చెప్పుకొన్నారు.

అయితే ఈ కథ అక్కడితో పూర్తి కాలేదు. పరిశ్రమల వ్యర్థజలాలు కడలిలో కలిసి చేపలు దొరకడం లేదంటూ 2025 సెప్టెంబరులో ఉప్పాడ మత్స్యకారులు రోడ్డెక్కారు. నష్టపరిహారం మాటలు, కమిటీల మాటలు నడిచాయి. పన్ను రాయితీ లెక్క కట్టినప్పుడు వలకు పడని చేప ఏ పద్దు కింద రాయాలో ఆ కాగితాలలో ఎక్కడా కనిపించదు. పరిశ్రమ వద్దని అక్కడ ఎవరూ అనడం లేదు. ఉప్పాడ నుంచి కోనపాపపేట దాకా తీరం వెంట ఉన్న కుటుంబాలలో ఒకరు ఫ్యాక్టరీ గేటు దగ్గర పని అడుగుతుంటే, మరొకరు పడవ మీద వెళ్లి ఖాళీ వలతో తిరిగి వస్తున్నారు.