ఆకుకి ఇటుకిల్లు: పొగాకు బ్యారన్ కథ

ప్రకాశం జిల్లాలో పొగాకు పండే ఏ వూరికి పోయినా పొలాల పక్కన కిటికీల్లేని ఇటుక కట్టడాలు కనబడతాయి. నలుచదరంగా, మామూలు ఇంటికన్నా ఎత్తుగా వుంటాయి. పైన రేకో, పెంకో. ఇవే బ్యారన్లు. ఇంగ్లీషులో బార్న్ అంటే కొట్టం. మన నోట్లో పడి బ్యారన్ అయింది. ఇంగ్లీషులో బ్యారన్ అంటే జమీందారు! మాట మారినా అంత తప్పేమీ జరగలేదు.

మన వాస్తు చరిత్ర గుళ్లూ కోటలూ దాటి ఇలాంటి కట్టడాల దాకా రాదు. వచ్చినా కట్టించిన ఆసామి పేరు దగ్గరే ఆగిపోతుంది.

బ్యారన్ పనిచేసే తీరు చూద్దాం. పొయ్యి నోరు గోడ బయటికి వుంటుంది. అక్కణ్ణుంచి ఇనుప రేకు గొట్టాలు లోపల నేల మీదుగా చుట్టి తిరిగి బయటికొస్తాయి. పొగ గొట్టంలోనే పోతుంది, ఆకుకి తగిలేది వేడి మాత్రమే. ఆకు అల్లిన కర్రల్ని అంతస్తులు అంతస్తులుగా వేలాడదీస్తారు. వేడి పైకి లేస్తుంది కనక గది ఎత్తుగా వుండాలి. చెమ్మ పోవటానికి కిందా పైనా గాలి కంతలుండాలి. మందపాటి ఇటుక గోడ వేడిని నిలుపుతుంది. మొదట 35, 38 డిగ్రీల దగ్గర ఆకు పసుపు రంగు తిరగాలి. తర్వాత మెల్లగా పెంచుతూ 70 డిగ్రీల దాకా తెచ్చి ఈనె ఎండగొట్టాలి. అయిదారు రోజులు, రాత్రింబవళ్లు. వేడి తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే బిగిసిపోతుంది. ఆలస్యమైతే నల్లబడుతుంది. ఒక ఎండుటాకు తెగి కాలే గొట్టం మీద పడిందా, బ్యారనంతా బుగ్గే.

ఈ విద్య ఎక్కడిది? అమెరికాలో ఉత్తర కెరోలినా రాష్ట్రం, కాస్వెల్ కౌంటీ. అబిషా స్లేడ్ అనే భూస్వామి దగ్గర స్టీఫెన్ అనే నల్ల బానిస వుండేవాడు. కమ్మరం పని తెలిసినవాడు. 1839లో ఒక రాత్రి ఆకు ఆరబెట్టే కొట్టంలో మంట చూస్తూ నిద్రపోయాడనీ, లేచేసరికి మంట ఆరిపోవస్తుంటే కొలిమి బొగ్గులు తెచ్చి వేశాడనీ, ఆ వేడికి ఆకు బంగారు రంగు తిరిగిందనీ కథ. ఈ కథ చెప్పేవాళ్లు నిద్రనే గట్టిగా చెబుతారు. కొలిమి దగ్గర బతికిన మనిషికి బొగ్గు వేడి గుణం తెలియకుండా వుంటుందా? బానిస చేస్తే ప్రమాదం, దొర చేస్తే ప్రయోగం. ఆ తర్వాత కాలంలో గొట్టాలు వచ్చాయి, పొగ వేరయింది. అక్కడి కొట్టాలు చాలావరకు చెట్టు దుంగలతో కట్టి, సందుల్లో మట్టి మెత్తినవి.

1920ల్లో వర్జీనియా పొగాకు గుంటూరు ప్రాంతంలో పాతుకుంది. ఐ.ఎల్.టి.డి. కంపెనీ విత్తనంతో పాటు ఈ ఆరబెట్టే పద్ధతినీ తెచ్చింది. దుంగలు మనకెక్కడివి? ఇక్కడ ఇటుకే గోడయింది. ఆ ఇటుక కోసిందీ, కాల్చిందీ, తలమీద మోసిందీ కూలి జనం. అదే కాలంలో అదే వూళ్లల్లో మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో వున్నవి మట్టిగోడలూ తాటాకు కప్పులూనూ. ఆకుకి ఇటుకిల్లు, మనిషికి గుడిసె.

ఆ పల్లెల్లోంచే కూలీలు ఆకు రెలవటానికి పోయారు. ఆడవాళ్లు, పిల్లలు బ్యారన్ ముందర కూచుని కర్రకి ఆకు అల్లారు. పొయ్యి దగ్గర రాత్రిళ్లు కాసిన మనిషి ఆకు రంగు చూసి, ఈనె విరిచి చూసి వేడి ఎంత పెంచాలో నిర్ణయించేవాడు. ధర్మామీటరు వుందనుకోండి, అది అంకె చెబుతుందే గాని ఆకు సంగతి చెప్పదు. ఆ మనిషికి కట్టిన లెక్క మాత్రం కూలి లెక్క.

1976లో పొగాకు బోర్డు ఏర్పడింది. బ్యారన్ లైసెన్సు పద్ధతి వచ్చాక గోడలకి కాగితం విలువ కూడా తోడయింది. బ్యారన్ వున్నవాడికే ఎంత పండించాలి, ఎంత అమ్మాలి అన్న అనుమతి. లైసెన్సున్న బ్యారన్‌ని కౌలుకిచ్చి ఆకు ముట్టకుండానే సంపాదించొచ్చు. కాల్చే చేతి నేర్పుకి లైసెన్సు లేదు.

గుంటూరు నల్లరేగళ్లలో సాగు తగ్గి ప్రకాశం, నెల్లూరు తేలిక నేలలకూ, గోదావరి మెట్టకూ జరిగింది. వదిలేసిన బ్యారన్ల ఇటుక వూడదీస్తే మళ్లీ ఏదో గోడకి పోతుంది. గ్రామ సర్వేకి వెళ్లే విద్యార్థులు గోడ కొలతలు రాసుకోండి, పొయ్యి బొమ్మ గీసుకోండి. ఆసామి ఇంటికి తర్వాత పోవచ్చు. ముందు పల్లెలోకి పోయి, ఈ బ్యారన్ కాల్చిందెవరని అడగండి. ఏ రంగు దగ్గర వేడి పెంచేవాళ్లో, ఎవరి దగ్గర నేర్చారో, ఒక బ్యారన్ దిగితే ఏమిచ్చేవాళ్లో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. కాల్చిన వాళ్లల్లో చాలామంది పెద్దవాళ్లయిపోయారు.