ఫ్యాక్టరీ ఉద్యోగంలో నిబద్ధత - ఇరువైపుల బాధ్యత

ఐ.టి.ఐ., డిప్లొమా ముగించిన మన పిల్లలు చాలామంది ఫ్యాక్టరీ ఉద్యోగాలలో చేరుతున్నారు. "మనసు పెట్టి పనిచెయ్యి" అని పెద్దలు చెప్పి పంపుతారు. దీనినే నిబద్ధత అంటారు. ఇది ఉద్యోగి గుణం ఒక్కదానిపైనే ఆధారపడదు.

కెనడాకు చెందిన మేయర్, అలెన్ అనే పరిశోధకులు 1991లో నిబద్ధతను మూడు విధాలుగా వివరించారు. సంస్థ మీద అభిమానంతో ఉండడం మొదటిది. వదిలితే నష్టపోతామని ఉండడం రెండవది. ఉండడం నా ధర్మం అనుకోవడం మూడవది. పని బాగా సాగడానికి అన్నిటికంటే తోడ్పడేది మొదటిదేనని తరువాతి పరిశోధనలు తెలిపాయి. న్యాయమైన వేతనం, భద్రత, మాట వినే అధికారి ఉన్నచోట ఆ అభిమానం పెరుగుతుంది.

కె.జి.ఎఫ్. గనులలో 3 కిలోమీటర్ల లోతున, వేడిలో, రాక్ బరస్ట్ భయం మధ్య తరతరాల కార్మికులు శ్రమించారు. అయినా ఖర్చులు పెరిగి, నష్టాలు పేరుకుని 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. కార్మికుల శ్రమ ఒక్కటే సంస్థను నిలబెట్టలేదు.

మన జిల్లాలోనే నరసాపురలో ఐఫోన్లు తయారుచేసిన విస్ట్రాన్ ఫ్యాక్టరీలో 2020 డిసెంబరు 12న జీతాల విషయమై కార్మికుల ఆగ్రహం విధ్వంసంగా మారింది. పని గంటల లెక్క సరిగా నిర్వహించనందున కొందరికి అక్టోబరు, నవంబరు జీతాలు ఆలస్యమయ్యాయని యాపిల్ సంస్థ తెలిపింది. విస్ట్రాన్ క్షమాపణ చెప్పింది. అయితే వందమందికి పైగా అరెస్టయ్యారు. కోపంతో చేసిన పనికి పోలీసు కేసు మిగిలితే తరువాతి ఉద్యోగానికి కూడా అడ్డంకే. 2023లో ఆ ఫ్యాక్టరీ టాటా చేతికి వచ్చింది.

కనుక చేరేముందు ఈ విషయాలు గమనించండి:

1. నియామక పత్రం ఇచ్చేది కంపెనీయా, కాంట్రాక్టు ఏజెన్సీయా?
2. చేతికి వచ్చే జీతం ఎంత? పి.ఎఫ్. జమ అవుతుందా?
3. అదనపు గంటలకు చట్టప్రకారం రెట్టింపు వేతనం లెక్కిస్తున్నారా? హాజరు గంటలు మీరూ రాసి పెట్టుకోండి.
4. జీతం తగ్గితే రాతపూర్వకంగా అడగండి, నకలు ఉంచుకోండి. జవాబు రాకపోతే కార్మిక శాఖను ఆశ్రయించండి.

తల్లిదండ్రులు "జీతం ఎంత?" అని మాత్రమే కాక "ఎవరిస్తారు, ఎలా లెక్కిస్తారు?" అని కూడా అడగాలి. వేళకు హాజరు, భద్రతా నియమాలు, నేర్చుకునే పట్టుదల మన పిల్లల బాధ్యత. సంస్థ మూతపడినా నేర్చుకున్న పని వెంట వస్తుంది. అందుకే ఉద్యోగంలో చేరినా చదువు మానవద్దు.