చలిజ్వరం నేరం గాలిదా, దోమదా?

చలిజ్వరం దేనివల్ల వస్తుందని 1890 ప్రాంతంలో అడిగితే చాలామంది డాక్టర్లు "చెడు గాలి వల్ల" అనేవారు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు అర్థమే అది. వారి వాదన తీసిపారేయతగ్గదేమీ కాదు. కుంటలు, బురదనేలలు వున్నచోట జ్వరాలు ఎక్కువ. వాటిని ఎండగడితే జ్వరాలు తగ్గేవి. రెండూ కళ్లెదుట కనిపించే నిజాలే.

చిక్కల్లా ఏమిటంటే, దోమే కారణమన్నవారు చూపేవీ ఆ రెండే. కుంట వున్నచోట దోమ వుంటుంది, కుంట ఎండితే దోమ పోతుంది. ఇరుపక్షాలకూ సరిపోయే సాక్ష్యంతో ఏ తగవూ తీరదు.

ఈ ముడి సికిందరాబాద్ బేగంపేటలో విడింది. రోగి నెత్తురులో మలేరియా క్రిమిని, అందులోని నల్లని రేణువులను ఫ్రెంచి డాక్టరు లావరాన్ 1880లోనే చూశాడు. ఆ క్రిమి దోమ కడుపులో పెరుగుతుందా? 1895లో వచ్చిన సైనిక డాక్టరు రోనాల్డ్ రాస్ రెండేళ్లు వందలాది దోమలను కోసి చూశాడు. ఏమీ దొరకలేదు.

1897 ఆగస్టులో రెక్కలమీద మచ్చలుండే మరో రకం దోమల పురుగులు నీటిలో దొరికాయి. బయట పట్టిన దోమయితే అంతకుముందు ఎవరిని కుట్టిందో ఎవరికి తెలుసు? అందుకే పురుగు దశనుంచి సీసాల్లో పెంచినవాటినే రాస్ వాడాడు. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో వుంచి కుట్టించాడు. దోమకు ఒక అణా చొప్పున ముట్టచెప్పాడు. అది కష్టార్జితమే! 20వ తేదీకి రెండు దోమలు మిగిలాయి. ఒకదాన్ని కోస్తే కడుపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. మర్నాడు రెండోదానిలో అవే కణాలు ఇంకా పెద్దవై వున్నాయి. అంటే పెరుగుతున్నాయన్నమాట. ఇటువంటి రోగుల నెత్తురే తాగిన తక్కిన రకాల దోమలలో అవి లేవు. వాదనకు బలమంతా ఈ తేడాలోనే వుంది.

అయినా రాస్ తొందరపడలేదు. డిసెంబరులో అచ్చయిన తన వ్యాసానికి, మలేరియా రోగి నెత్తురు తాగిన రెండు దోమలలో కనిపించిన వింత కణాల గురించి అని మాత్రమే పేరు పెట్టాడు. క్రిమి దోమలోకి వెళ్లిందని తేలింది సరే, దోమనుంచి తిరిగి వస్తుందని ఏమిటి రుజువు? ఆ సగం 1898లో కలకత్తాలో పూర్తయింది. పక్షుల మలేరియా క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం రాస్ చూశాడు. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలకు జబ్బు వచ్చింది. మనిషి విషయంలో అదే సంగతిని ఆ ఏడాదే ఇటలీ డాక్టర్లు నిరూపించారు.

రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. చెడు గాలికి జడిసి రాత్రిళ్లు తలుపులు బిగించుకున్నవారికి కొంత మేలు జరిగే వుంటుంది. వారు ఆపింది గాలినే అయినా, దానితోపాటు దోమ కూడా ఆగింది మరి.