చక్రాల ఇంటిలో పండుగ - బొంత కుట్టు - ప్రయాణ పథ్యం

విదేశాలలో స్థిరపడిన కుమారుని వద్దకో, కుమార్తె వద్దకో వెళ్ళి నాలుగైదు నెలలు గడిపి వచ్చే తల్లిదండ్రులు నేడు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. బయలుదేరే ముందు వారిలో కొందరు నా వద్దకు వచ్చి, "వైద్యులుగారూ, అక్కడి చలికి ఏమేమి తీసుకొని వెళ్ళమంటారు?" అని అడుగుతూ ఉంటారు. శొంఠి, వాము, త్రిఫలా చూర్ణం, నువ్వుల నూనె అని పట్టీ వ్రాసి ఇచ్చేవాడిని. 2023లో నేనే సతీసమేతంగా అమెరికా వెళ్ళినప్పుడు, ఆ పట్టీలో నేను ఏనాడూ వ్రాయని ఒక ముఖ్య విషయం తెలిసివచ్చింది. దానిని పాఠకులకు దాపరికం లేకుండా విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కృతజ్ఞతా పండుగ

నవంబరు నెల నాలుగవ గురువారం అమెరికావారికి 'థాంక్స్ గివింగ్' పండుగ. 1621లో ప్లిమత్ అనే చోట వలస వచ్చిన ఆంగ్లేయులు, అక్కడి వాంపనోగ్ తెగవారు కలిసి చేసుకున్న పంటల విందును దీనికి మూలంగా చెప్పుకుంటారు. 1863లో అధ్యక్షుడు లింకన్ దేశమంతటా జరుపుకొనవలెనని ప్రకటించగా, 1941లో చేసిన చట్టంతో నాలుగవ గురువారమనే నియమం స్థిరపడింది. మనకు సంక్రాంతి ఎట్లాగో వారికి ఇది అట్లాగు. ఎక్కడెక్కడి బిడ్డలూ ఇల్లు చేరుకుంటారు.

మా అబ్బాయి అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో ఉంటాడు. ఆ సెలవులకు అతడు ఒక 'ఆర్.వి.' అద్దెకు తెచ్చాడు. అది చక్రాలు గల ఇల్లు. డ్రైవరు నెత్తిమీద ఒక పడక, వెనుక మరొక పడక, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, భోజనపు బల్ల, స్నానాల గది అన్నీ అందులోనే. మంచినీటికి ఒక తొట్టి, వాడిన నీటికి మరొకటి, మలమూత్రాలకు వేరొకటి ఉంటాయి. ఏ తొట్టికి ఆ తొట్టి పరిమితం కనుక నీళ్ళు పొదుపుగా వాడుకొనవలెను. ఈ పొదుపు మాటే తరువాత మా కథలో కీలకమైనది.

ఫీనిక్స్ నుండి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సుమారు 370 కిలోమీటర్లు. మామూలుగా నాలుగు గంటల ప్రయాణం. పండుగ రద్దీ వలన బుధవారం మాకు ఏడు గంటలు పట్టింది.

పాత చీరల బొంత

మా శ్రీమతి వెంట ఒక మూట ఉన్నది. అందులో మా అమ్మగారి నేతచీరలు రెండు, ఆమెవే పాతబడిన నూలు చీరలు నాలుగు, నా పంచె ఒకటి. మూడేళ్ళ మనవరాలికి బొంత కుట్టి ఇవ్వవలెనని ఆమె సంకల్పం. బండి నడుస్తున్నంతసేపూ సూది, కత్తెర పైకి తీయరాదని కోడలు కట్టడి చేసింది. అందుచేత దారిలో బెల్టు పెట్టుకొని కూర్చుని ముక్కలను రంగుల వారీగా జతపరచడమే జరిగింది. బండి విడిదిలో నిలిచిన తరువాత కుట్టు మొదలైనది.

మా ప్రక్కనే నిలిచిన బండిలో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక అమెరికా అమ్మగారు కూడా బొంత కుట్టుకుంటూ కనిపించారు. వారు దీనిని 'క్విల్ట్' అంటారు. పైన అతుకుల గుడ్డ, మధ్య దూది పొర, క్రింద అస్తరు, మూడింటినీ కలిపి సన్నని పరుగు కుట్టు. ఆమె కుడుతున్న నమూనా పేరు 'లాగ్ కేబిన్', అనగా దుంగల ఇల్లు. మధ్యనుండే ఎర్ర చదరం ఆ ఇంటి పొయ్యికి గుర్తని ఆమె చెప్పారు. అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలం పనికి కట్టి చినిగిన బట్టలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా వెలువడినవి. మన అమ్మమ్మలు పెరటిలో చాప పరచుకొని కుట్టిన బొంతకూ దీనికీ ప్రాణం ఒక్కటే. ఇంటివారి ఒంటిని అంటిన బట్టకు మరొక జన్మ నివ్వడం.

విందు ఒకరికి, ఉపవాసం ఒకరికి

ఆ ఏడాది గురువారం, నవంబరు 23, కార్తిక శుద్ధ ఏకాదశి అయినది. అందరికీ విందు, మా ఇంటావిడకు ఉపవాసం. కోడలు గుమ్మడికాయ దప్పళం, పులిహోర, అక్కడ దొరికే క్రాన్‌బెర్రీ అనే పుల్లని ఎర్ర కాయలతో రోటిపచ్చడి వంటి పచ్చడి చేసింది. ఆ చోటు సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తు. అంత ఎత్తున నీరు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది కనుక మూత పెట్టిన గిన్నెలో పప్పు ఎంతకూ ఉడకలేదు. చివరకు కుక్కరే శరణ్యమైనది. సాయంత్రం బండి బయట బల్లమీద కార్తిక దీపం పెట్టుకున్నాము. ప్రక్కబండి అమ్మగారు గుమ్మడి భక్ష్యం తెచ్చి, మా దీపం వద్ద కాసేపు మౌనంగా నిలిచి వెళ్ళారు.

ఆ పండుగ పూటంతా మా శ్రీమతి భోజనపు బల్ల వెనుక ఇరుకు సీటులో కాళ్ళు ముడుచుకొని కూర్చుని కుట్టింది. ఉపవాసం కనుక ఆహారం లేదు. తొట్టి నిండిపోతుందన్న మొహమాటంతో నీళ్ళు కూడా గుటక గుటకగానే త్రాగింది. లఘుశంకకు లేవవలసి వచ్చినా ఓర్చుకున్నది. నేను ఎదుటనే ఉన్నాను. చూశాను. ఏమీ అనలేదు.

శుక్రవారం ఉదయం

ద్వాదశి పారణ అయిన తరువాత, "ఏమండీ, ఎడమ పిక్క పట్టేసినట్లున్నది, కాస్త నూనె రాస్తారా?" అన్నది. ఎడారి గాలి రూక్షం, ఋతువు శీతం, ప్రయాణం చలం. ఈ మూడూ వాయువు గుణాలే. ఇది వాత ప్రకోపమే తప్ప మరొకటి కాదని నా మనస్సు క్షణంలో తీర్పు చెప్పింది. నువ్వుల నూనె వేడి చేసి గిన్నె పట్టుకొని కూర్చున్నాను.

కోడలు ఫిజియోథెరపిస్టు. ఆమె వంగి చూసి, "మామయ్యగారూ, దయచేసి రుద్దకండి. ముందు కొలుద్దాం" అన్నది. బొంత మూటలోని కొలత టేపు తీసి, రెండు కాళ్ళకూ మోకాలి క్రింద ఒకే దూరంలో చుట్టింది. కుడి పిక్క 13 అంగుళాలు, ఎడమ పిక్క 14న్నర. ఎడమది చేతికి వెచ్చగా కూడా తగిలింది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకొనవలెను. దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే త్రివిధ పరీక్ష జరిపిన తరువాతనే మందు మాట ఎత్తవలెనని నలభై ఏళ్ళుగా శిష్యులకు చెబుతున్నాను. "ఒక చేయి నొప్పి అంటే రెండవ చేతిని కూడా తాకి చూడరా" అని మా గురువుగారు గురుకులంలో నా వ్రేళ్ళు పట్టి నేర్పారు. సొంత ఇల్లాలి విషయంలో ఆ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. కేవలం ప్రశ్న కూడా అడగలేదు. ఆమె చెప్పినదే విని నూనె వేడి చేశాను.

వెంటనే బయలుదేరి 130 కిలోమీటర్ల దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణంలో ఆసుపత్రికి చేరుకున్నాము. డాప్లర్ స్కానింగులో పిక్కలోని లోతు సిరలో నెత్తురు గడ్డ కట్టినట్లు తేలింది. మూడు వారాల క్రితం హైదరాబాదు నుండి ఇరవై గంటలకు పైగా విమాన ప్రయాణం, తరువాత ఏడు గంటల బండి ప్రయాణం, నీరు తగ్గడం, రోజంతా ముడుచుకొని కూర్చోవడం, అన్నీ కలిసి వచ్చినవని అక్కడి వైద్యులు వివరించారు. అట్టి కాలిని గట్టిగా మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చును. నా చేతిలోని నూనె గిన్నె తలుచుకుంటే నేటికీ గుండె జలదరిస్తుంది. నెత్తురు పలుచబరచే మాత్రలు మూడు నెలలు వాడిన తరువాత ఆమె కోలుకున్నది.

శాస్త్రం ముందే చెప్పింది

ఆపరాని వేగాలను ఆపరాదని చరకుడు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో పదమూడు వేగాలను పేర్కొన్నాడు. మూత్రవేగం వాటిలో ఒకటి. వాతరక్త ప్రకరణంలో గుర్రాలు, ఒంటెలు మొదలైన వాహనాలపై అతిగా తిరగడం కూడా కారణాలలో చేరి ఉన్నది. అజీర్ణం వంటి కొన్ని స్థితులలో అభ్యంగం కూడదని వాగ్భటుడు నిషేధించాడు. కనుక తైలం అమృతమే అయినా అన్ని వేళలా అందరికీ కాదు. లోపం శాస్త్రంలో లేదు. దానిని తొందరపాటుతో వర్తింపజేసిన నాలో ఉన్నది.

ప్రయాణంలో పాటించవలసినవి

1. విమానమైనా, బస్సయినా, చక్రాల ఇల్లయినా గంట, రెండు గంటలకు ఒకసారి లేచి నాలుగడుగులు నడవవలెను. లేవ వీలులేనప్పుడు మడమ నేలకు ఆనించి వ్రేళ్ళను, వ్రేళ్ళు ఆనించి మడమను ఇరవై పర్యాయాలు ఎత్తి దించవలెను.

2. గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా తరచు త్రాగవలెను. జీలకర్ర వేసి కాచిన నీరు శ్రేష్ఠం. మూత్రానికి లేవవలసి వస్తుందని నీరు మానడం కూడదు. తొట్టి నిండితే ఖాళీ చేసుకొనవచ్చును. దూర ప్రయాణపు రోజులలో ఉపవాసం పెట్టుకున్నవారు పాలు, పండ్ల రసం, మజ్జిగ వదలరాదు. మధుమేహం ఉన్నవారు వైద్యుని అడగనిదే ఉపవాసం చేయరాదు.

3. చల్లని, ఎండు చిరుతిళ్ళు ప్రయాణంలో మలబద్ధం చేస్తాయి. నెయ్యి వేసిన పెసరపప్పు పొంగలి, మెత్తని అన్నం, శొంఠి పొడి మంచివి. రాత్రి అరచెంచా త్రిఫలా చూర్ణం వేడినీటితో తీసుకొనవచ్చును.

4. కుట్టుపని చేసేవారు అరగంటకు ఒకసారి కన్నులెత్తి దూరాన ఉన్న చెట్టునో, కొండనో చూడవలెను. వ్రేళ్ళ కీళ్ళు పట్టేస్తే గోరువెచ్చని ఉప్పునీటిలో పది నిమిషాలు ఉంచి, తుడిచి, నువ్వుల నూనె రాయవలెను. ఇది వ్రేళ్ళకు చెప్పిన మాట, వాచిన కాలికి కాదు.

5. చలికని మూసిన బండిలో బొగ్గుల కుంపటి, సాంబ్రాణి నిప్పు పెట్టరాదు. గ్యాసు పొయ్యిని వెచ్చదనం కోసం వెలిగించి ఉంచరాదు. వాటినుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని కనిపెట్టి మ్రోగే పరికరం పనిచేస్తున్నదో లేదో ముందుగా చూసుకొనవలెను.

6. ఒక కాలు మాత్రమే వాచి, నొప్పిగా, వెచ్చగా ఉన్నచో రుద్దవద్దు, కాపడం పెట్టవద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలెను. రెండు పిక్కల కొలతలో మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే నవీన వైద్యులు దానిని గట్టి సూచనగా తీసుకుంటారు. తేడా తక్కువగా ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యం పనికిరాదు. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో నెత్తురు కనిపిస్తే అత్యవసర సహాయం పిలవవలెను.

7. నెత్తురు పలుచబరచే మాత్రలు వాడుతున్నవారు వెల్లుల్లి, శొంఠి, పసుపు కూరలో తగు మాత్రం వేసుకొనవచ్చును గాని, వాటిని మందుగా, కషాయంగా, గుళికలుగా వైద్యునికి తెలియకుండా వాడరాదు. మేము కూడా ఆ మూడు నెలలూ త్రిఫల సహా ఇంటి మందులన్నీ ప్రక్కన పెట్టినాము.

8. ప్రయాణ ఆరోగ్య బీమా లేకుండా విదేశానికి బయలుదేరరాదు. ఇదివరకు కాలిలో గడ్డ కట్టినవారు, ఈమధ్య శస్త్రచికిత్స అయినవారు, గర్భిణులు దూర ప్రయాణానికి ముందు తమ వైద్యుని సంప్రదించవలెను.

మూరెడు దారం

ప్రక్కబండి అమ్మగారు మా శ్రీమతికి ఒక చిట్కా చెప్పారు. చేతికుట్టుకు దారం పద్దెనిమిది అంగుళాలకు మించి తీయరాదట. పొడవైతే చిక్కుపడుతుంది, పోగు అరుగుతుంది. పద్దెనిమిది అంగుళాలంటే మన మూర. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత మా ఇంటావిడ దీనికి తన నియమం ఒకటి చేర్చింది. మూరెడు దారం అయిపోయినప్పుడల్లా సూది పక్కన గుచ్చి లేచి, ఒక గ్లాసు నీళ్ళు త్రాగి, వసారాలో అటూ ఇటూ నడిచి వచ్చి మరొక మూర ఎక్కించుకుంటుంది. దారం తీసినప్పుడల్లా, "నడిచొద్దాం రా నానమ్మా" అని మనవరాలు చేయి పట్టుకొనేది.

ఫిబ్రవరి నెలాఖరున బొంత పూర్తి అయినది. మధ్యలో మా అమ్మగారి ఎర్ర చీర ముక్క చదరంగా అమరింది. నా ప్రయాణపు పట్టీలో ఇప్పుడు శొంఠి, వాములకంటె ముందు మొదటి వరుసలో వ్రాస్తున్నాను: "నీళ్ళు త్రాగండి, లేచి నడవండి, వాచిన కాలిని రుద్దకండి." పట్టీతోపాటు ఒక కొలత టేపు కూడా పెట్టెలో వేసుకొమ్మని చెబుతున్నాను.