రెండు ఆవకాయ పుస్తకాలు

“మేనరికం చేసుకుంటే పిల్లలు అవకరంగా పుడతారటగా తాతయ్యా?” అని అడిగింది చిట్టి. అడగడం కాదు, నిలదీసింది. మీ నాయనమ్మ మా మేనత్త కూతురేనని దానికి ఎవరు చెప్పారో! మీ నాన్న నిక్షేపంలా ఉన్నాడు కదే, నేలమీద నిలబడకుండా చెట్లెక్కేవాడు వెధవ. అయినా చిట్టి అన్నదాంట్లో నిజం లేకపోలేదు. జరగండి, బుజ్జిగాణ్ణి కూడా కూర్చోనివ్వండి, చెబుతాను.

నాయనమ్మ పెట్లో ఆవకాయ కొలతలు రాసుకున్న పుస్తకం ఉంది చూశారా, అలాంటివి ప్రతి మనిషికీ రెండుంటాయి అనుకోండి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒక్కోదాంట్లో సుమారు 300 కోట్ల అక్షరాలు! అదే డీఎన్‌ఏ. తరతరాలుగా ఒకరి పుస్తకం చూసి ఒకరు ఎక్కించుకుంటూ వచ్చినవే ఇవన్నీ. అంత రాతలో చెయ్యి జారదూ? ఎక్కడో ఏ ముత్తవ్వో ‘ఉప్పు సోలెడు’ అని రాయాల్సింది ‘గిద్దెడు’ అని రాసింది. ఆ కొలతతో కలిపితే జాడీ నిండా బూజే. కానీ రెండో పుస్తకంలో సోలెడు అనే ఉంది, దాన్ని చూసి కలిపేస్తారు, ఆవకాయ నిలవుంటుంది. లోపల ఒక తప్పుందన్న సంగతి ఎవరికీ తెలియదు. ఇలాంటి తప్పులు నాలోనూ ఉన్నాయి, మీలోనూ ఉన్నాయి, వీధిలో పోయే ప్రతివాళ్ళలోనూ ఉన్నాయి. అవి ఉన్నవాళ్ళను వాహకులు అంటారు. వాళ్ళు రోగులు కారు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

చిక్కల్లా రెండు పుస్తకాల్లోనూ ఒకేచోట తప్పున్నప్పుడే. అలా ఎందుకుంటుంది? రెండూ ఒకే ముత్తవ్వ పుస్తకం చూసి రాసినవైతే ఉంటుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు రాత ఒకటే. మేనమామా మేనకోడలూ అయితే నాలుగో వంతు. అందుకే మేనరికంలో తప్పూ తప్పూ కలిసే అవకాశం ఎక్కువ. ఎంత ఎక్కువంటే, ఏ చుట్టరికమూ లేని జంటలకు నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక పుట్టు లోపంతో పుడుతుంటే, మేనత్త మేనమామ పిల్లలు చేసుకుంటే మరో ఇద్దరో ముగ్గురో. భయపడి చావాల్సినంతా కాదు, కొట్టిపారేసేంతా కాదు. ఇంకోమాట. అమ్మానాన్నలిద్దరికీ ఒకే తప్పుంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. “మొదటిబిడ్డకు వచ్చేసింది, ఇక తర్వాత ముగ్గురికీ భయం లేదు” అనుకుంటారు జనం. అలా లెక్క తీరిపోదు, ప్రతిసారీ చీట్లు కొత్తగా వేసినట్టే.

“అయితే మేనరికం మానేస్తే సరి” అంటాడు బుజ్జిగాడు. బాగానే ఉంది, మరి కులం? మేనరికం కాకపోయినా వందల ఏళ్ళుగా మనవాళ్ళలో మనవాళ్ళే చేసుకుంటూ వచ్చాం. అందరి పుస్తకాలూ కాసిని పాత పుస్తకాల నకళ్ళే. మన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనాలయంలో తంగరాజ్ గారు, అమెరికాలో డేవిడ్ రైక్ గారు, వాళ్ళ బృందం కలిసి దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల డీఎన్‌ఏ చూసి 2017లో చెప్పింది ఇదే. వాటిలో 81 సమూహాలు అలా మరీ కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగినవేనట. పది లక్షలకు మించి జనం ఉన్నవి కూడా ఆ లెక్కలో 14 ఉన్నాయి. జనం ఎక్కువుంటే చాలదు, రాత ఎంతమంది దగ్గరనుంచి వచ్చిందన్నదే లెక్క.

మన వైశ్యుల సంగతే చూడండి. వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకునే ఈ కట్టు 100 తరాలకు పైబడి ఉందని అంతకుముందు 2009లోనే అంచనా కట్టారు. వాళ్ళలో కొందరికి ఒంట్లో ఒక ఎంజైము తయారు కాదు. దాంతో రోజూ వచ్చే ఇబ్బందేమీ లేదు, తింటారు, తిరుగుతారు, కొట్టు నడుపుతారు. ఆపరేషను బల్లమీద మాత్రం తేడా బయటపడుతుంది. గొంతులో గొట్టం వేయడానికి కండరాలు వదులయ్యే మందు ఒకటి ఇస్తారు, సక్సినైల్‌కోలిన్ అని. మామూలు మనిషిలో ఆ ఎంజైము దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఎంజైము లేనివాళ్ళలో మందు గంటల తరబడి అలాగే ఉండిపోతుంది, ఊపిరి పీల్చే కండరాలు కూడా కదలవు. అంతసేపూ వెంటిలేటర్ మీద పెట్టి కాపాడాలి. అందుకే తెలిసిన మత్తు డాక్టర్లు ముందే అడుగుతారు, ఇంట్లో ఎవరికైనా మత్తు దిగడం ఆలస్యమైందా అని. వేరే మందు వాడితే చాలు, గండం గడిచినట్టే. చూడండి, తెలుసుకోవడం ఎంత హాయిగా ఉందో! పరీక్షంటే ఇలా ఉండాలి, తెలిశాక చేయగలిగింది ఒకటుండాలి.

పెళ్ళికి ముందు ఇద్దరిలోనూ ఒకే తప్పుందేమో చూసే పరీక్షల దగ్గరికొచ్చేసరికి అంత సులువు కాదు. న్యూయార్కులో జోసెఫ్ ఎక్‌స్టీన్ అని ఒక యూదు మతగురువు. టే-శాక్స్ అనే జబ్బుతో నలుగురు బిడ్డలను పోగొట్టుకున్నాడు పాపం. 1983లో ఆయన ఒక పద్ధతి పెట్టాడు. పిల్లలు పెళ్ళీడుకు రాకముందే నెత్తురు ఇస్తారు, వాళ్ళకొక నంబరు ఇస్తారు. ఫలితం చెప్పరు! సంబంధం వచ్చినప్పుడు రెండు నంబర్లూ ఫోనులో చెబితే, కలుస్తుందో కలవదో ఒక్కమాటలో చెబుతారు. ఎవరికీ మచ్చ పడదు. నాకైతే ఈ ముసలాయన తెలివి ముచ్చటేస్తుంది. కాకపోతే తన ఒంటి సంగతి తనకే తెలియకపోవడం ఏం న్యాయం అని అడిగేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటా తోసెయ్యలేం.

దానికి ఎదురు కథ గ్రీసులో ఆర్కొమెనోస్ అనే ఊరిది. అక్కడ సికిల్ సెల్ అనే నెత్తురు జబ్బు ఎక్కువని అందరికీ పరీక్షలు చేసి, ఎవరు వాహకులో వాళ్ళకు చెప్పేశారు. ఏమైంది? వాహకులంటే ఊళ్ళో చిన్నచూపు మొదలైంది. దాంతో కొందరు దాచిపెట్టి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. పరీక్షలే లేకపోతే ఎన్ని వాహకుల జంటలు తటస్థపడేవో అన్నే తటస్థపడ్డాయి. నెత్తురు చూసినవాళ్ళు మనసులు చూడలేదు మరి.

ఇప్పుడు మన దేశంలోనూ సికిల్ సెల్ పరీక్షలు జరుగుతున్నాయి. 2023 జూలైలో మొదలుపెట్టారు, ఏడు కోట్ల మందికి చేయాలని, కార్డులు ఇవ్వాలని. గిరిజన గూడేలే ముఖ్యం. మంచి పనే. ఆ కార్డు చేతికిచ్చేటప్పుడు “నువ్వు రోగివి కావమ్మా” అని కూర్చోబెట్టి చెప్పే మనిషి ఉన్నాడా లేడా అన్నదే నా బెంగ. ఒక్క ఆడపిల్ల పెళ్ళి ఆ కార్డు వల్ల చెడినా మర్నాటినుంచి కార్డులన్నీ పెట్టె అడుగుకే పోతాయి.

ఇక పుస్తకంలో రాతనే మార్చడం. ఇప్పుడు అదీ వచ్చేసింది. సికిల్ సెల్ ఉన్నవాళ్ళ ఎముక మూలుగలోని కణాలు తీసి, దిద్ది, మళ్ళీ ఎక్కించే చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా ఒప్పుకున్నాయి. ఖర్చు మాత్రం 22 లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో పద్ధెనిమిది కోట్లు పైమాటే! అది రోగి తన సొంత పుస్తకంలో చేసుకున్న దిద్దుబాటు, పిల్లల పుస్తకానికి పోదు. చైనాలో హె జియాంకుయ్ అనే ఆయన చేసింది అలాంటిది కాదు. పిండంలోనే దిద్దాడు, అంటే మనవలూ మునిమనవలూ ఎక్కించుకునే పుస్తకమే మార్చేశాడు. 2018లో కవల ఆడపిల్లలు పుట్టారు. వాళ్ళకు ఏ జబ్బూ లేదు. తండ్రికి ఎయిడ్స్ వైరస్ ఉందని, అది పిల్లలకు సోకకుండా జన్యువు మార్చానన్నాడు. అలా సోకకుండా చూసే మార్గాలు అప్పటికే ఉన్నాయి. ఆయన్ని మూడేళ్ళు జైల్లో వేశారు.

“మా పుస్తకాలు కూడా చదివించు తాతయ్యా” అంటారా? ఆపరేషను మత్తులాంటి సంగతైతే రేపే చూపిస్తాను. చిన్నప్పుడే తెలిస్తే మందో పథ్యమో ఉన్న జబ్బయినా చూపిస్తాను. ముసలితనంలో వచ్చి, ఇవాళ మందేమీ లేని జబ్బు గురించైతే మాత్రం నేను చూపించను, మీ నాన్ననూ చూపించనివ్వను. మీకు పద్ధెనిమిదేళ్ళు నిండాక, కావాలంటే మీరే వెళ్ళి అడగండి. వద్దనుకుంటే మానెయ్యండి.